పిల్లి నడిస్తే జ్యామితి

సమబాహు త్రిభుజం గీయమంటే, స్క్రాచ్ అనే పిల్లల కోడింగ్ భాష ముందు కొత్తగా కూర్చున్నవాళ్లు ఎక్కువమంది చేసే పని ఒకటే. ‘100 అడుగులు నడువు’, ‘60 డిగ్రీలు తిరుగు’ అనే బ్లాకులు తగిలించి, మూడుసార్లు జరిగేలా రిపీట్‌లో బిగిస్తారు. పచ్చజెండా నొక్కితే త్రిభుజం రాదు, షడ్భుజిలో సగం గీసి పిల్లిబొమ్మ ఆగిపోతుంది. టీచరు పనితనం తెలిసేది అక్కడే. మంచి టీచరు తప్పనీ అనరు, జవాబూ చెప్పరు. ‘‘నువ్వే పిల్లివనుకుని నేల మీద నడిచి చూడమ్మా’’ అంటారు. మూల దగ్గర ఒళ్లు ఎంత తిప్పాలో తెలిశాక ఆ పిల్ల తనంతట తానే 120 వేస్తుంది. బాహ్యకోణం ఇంత చక్కగా ఒంటబట్టే దారి నేను మరొకటి చూడలేదు.

ఈ విద్యకు ఆదిగురువు సీమోర్ పాపర్ట్. 1967లో వాలీ ఫోయర్‌జీగ్, సింథియా సాలమన్‌లతో కలిసి పిల్లల కోసం లోగో భాషను రూపొందించాడు. ఆయన బాటలో నడిచిన మిచెల్ రెస్నిక్ బృందం 2007లో ఎంఐటీ నుంచి స్క్రాచ్‌ను తెచ్చి ఉచితంగా పంచింది. ఎంత పెద్ద మనసు!

స్క్రాచ్ తెర నట్టనడుమ మూలబిందువు. అడ్డంగా −240 నుంచి 240, నిలువుగా −180 నుంచి 180. బొమ్మను ఎడమ అంచుకు పంపాలంటే రుణసంఖ్యకు జంకే పిల్లాడైనా మైనస్ వేయాల్సిందే. ఇక ‘వేగం’ అని ఒక చలరాశి పెట్టి, సున్నా దగ్గర మొదలెట్టి, చుట్టుకొకటి తగ్గిస్తూ దాన్ని y కి కలపమనండి. బంతి 1, 2, 3, 4 చొప్పున దిగుతుంది. న్యూటన్ పేరెత్తకముందే త్వరణం కళ్ల ముందుంటుంది!

ఇలా కంప్యూటర్ ఆటతో లెక్కలు నేర్పడం మనకు కొత్తేమీ కాదు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి నడిపిన ‘క్లిక్స్’ కార్యక్రమం తెలంగాణ ప్రభుత్వ బడుల్లోకీ వచ్చింది. చతుర్భుజాల పాఠాన్ని ‘పోలీస్ క్వాడ్’ అనే ఆటగా మలిచిన ఘనత వాళ్లది. ఆ కార్యక్రమానికి యునెస్కో బహుమతి ఊరికే రాలేదు.

మరి ఇప్పుడు కోడింగ్ పేరిట అమ్ముతున్నదేమిటి? బోర్డు మీది బ్లాకుల్ని నోటుబుక్కులో ఎక్కించడం, సర్టిఫికెట్ అందుకోవడం. బిట్లకు చప్పట్ల మోత తగిలించిన క్విజ్ యాప్‌లైతే మరీ దారుణం. నేతిబీరలో నెయ్యి ఎంతో వాటిలో ఆట అంత. అక్కడ యంత్రం అడుగుతుంది, పిల్లాడు నొక్కుతాడు. స్క్రాచ్‌లో పిల్లాడు చెబుతాడు, యంత్రం వింటుంది. ఈ రెండింటినీ ఒకే గాట కట్టేవాళ్లతో నాకు రాజీ లేదు.

మా పారిశ్రామిక ప్రాంతంలోని బొంతపల్లి, గుమ్మడిదల, పటాన్‌చెరు బడుల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కార్మికుల పిల్లలు మన పిల్లల పక్కనే కూర్చుంటారు. తెలుగు ఇంకా నోట పలకని పిల్లకు నీలం బ్లాకు కదలికదనీ పసుపుది ఆట మొదలుపెట్టేదనీ తెలిస్తే చాలు. స్క్రాచ్‌ను హిందీలోకీ ఒడియాలోకీ మార్చుకోవచ్చు.

ఇక్కడి పరిశ్రమల యాజమాన్యాలకు నాదొక విన్నపం. 2013 కంపెనీల చట్టం కింద సామాజిక బాధ్యతకు వెచ్చించే సొమ్ముతో గోడకు మరో పెద్ద తెర బిగించకండి. స్క్రాచ్‌కు పాత కంప్యూటర్లు చాలు, ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. ఆ డబ్బుతో టీచర్లకు సెలవుల్లో శిక్షణ ఇప్పించండి. హెడ్‌మాస్టర్లూ, కంప్యూటర్ గది తాళం తీయించి, వారానికి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వండి.