తేలని లెక్కను పిల్లల ముందు పెట్టిన గురువు
కంప్యూటర్ సైన్స్ విభాగంలో అభినందన సభ అనగానే ప్యాకేజీల అంకెలే వినిపిస్తాయి. నాకు మాత్రం కాన్పూర్ ఐఐటీలో 2002లో జరిగిన పని గుర్తొస్తుంది. నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు. గురువు మణీంద్ర అగ్రవాల్‌తో కలిసి, ఏ సంఖ్య ప్రధాన సంఖ్యో వేగంగా, ఖాయంగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. అంతకుముందు ఈ రెండూ రుజువుతో సహా ఒకేచోట కుదరలేదు.

మూలం ఇంటర్ లెక్కే. (ఎక్స్+1)ను 5వ ఘాతానికి విస్తరిస్తే మధ్య గుణకాలు 5, 10, 10, 5. అన్నీ 5తో భాగించబడతాయి. 4వ ఘాతానికైతే 4, 6, 4. ఆ 6, 4తో భాగించబడదు; 4 ప్రధాన సంఖ్య కాదన్న గుట్టు అక్కడే రట్టవుతుంది. కానీ వందల అంకెల సంఖ్యకు అన్ని గుణకాలు లెక్కగట్టడం ఎవరి తరం? విస్తరణను చిన్న బహుపదితో భాగించి, కొన్ని శేషాలు సరిచూస్తే చాలని నిరూపించడంలోనే ఉంది వాళ్ల పనితనమంతా.

2006లో గోడెల్ బహుమతి వచ్చింది, సరే. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కొచ్చి బైండింగ్ చేయించే బాపతు చదువులు చూసినవాణ్ని కాబట్టి, నా చప్పట్లు ముందు ఆ గురువుకే. తేలుతుందో లేదో తెలియని సమస్యను బీటెక్ పిల్లల ముందు పెట్టి, తానూ వాళ్ల పక్కన కూర్చుని కుస్తీ పట్టారు.