ఖోకా ఎటు పడింది?

ఎస్‌ఎల్‌ఆర్ రైఫిలు ఫైరింగ్ జరుగుతుంటే, ఆయుధాలు మరమ్మతు చేసే చేయి తిరిగిన ఆర్మరర్ టార్గెట్ వైపు చూడడు. ఫైరర్‌కు కుడివైపు కొన్ని గజాల అవతల నేలను చూస్తుంటాడు. గుండు పేలిన ప్రతిసారీ ఖాళీ ఖోకా, అంటే తూటా తొడుగు, ఎగిరి ఎక్కడ పడుతోంది, అన్నీ ఒకేచోట కుప్పపడుతున్నాయా, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పోతున్నాయా, ఏదైనా ఫైరర్ భుజం మీదే వాలుతోందా? ఆయన లెక్కంతా అదే. రైఫిలు విప్పకముందే లోపల ఏం జరుగుతోందో సగానికి సగం అక్కడే తేలిపోతుంది.

ఈ విద్యకు మన తెలుగునేల మీద పెద్ద పీఠం సికింద్రాబాదు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన ఈ కంటోన్మెంటు నగరంలో, తిరుమలగిరి చుట్టుపక్కల, సైన్యానికి మరమ్మతు విద్యలు నేర్పే సంస్థలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్) ఇక్కడిదే. ఒకటో ఈఎంఈ సెంటరూ, ఆయుధాగారాలు చూసుకునే ఆర్డ్‌నెన్స్ కోర్ సెంటరూ ఇక్కడివే. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1943లో ఈఎంఈ విడి విభాగంగా ఏర్పడింది. ట్యాంకు ఇంజను నుంచి జవాను చేతిలోని రైఫిలు దాకా బాగుచేసే బాధ్యత వాళ్లది. ఆ ట్రేడుల్లో ఆర్మరర్ ఒకటి. ట్యాంకుల గురించి, రాడార్ల గురించి పత్రికల్లో వ్యాసాలు వస్తుంటాయి కానీ ఆర్మరర్ గురించి రాసేవాళ్లు అరుదు. మన జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వుల్లో, ప్రత్యేక పోలీసు పటాలాల్లో ఇదే పని చేసే ఆర్మరర్ల సంగతి అసలే ఎవరికీ పట్టదు. ఒక జవాను ప్రాణం అతని రైఫిలు రెండో గుండును సరిగ్గా ఎక్కించుకోవడం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ పని చూసే మనిషికి దక్కాల్సిన గౌరవం ఇది కాదు.

1962 చైనా యుద్ధంలో మన సైనికుల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి .303 రైఫిళ్లు. గుండు గుండుకీ బోల్టు చేత్తో లాగి, ఖాళీని చేత్తోనే బయటికి పంపాలి. ఆ తర్వాత వచ్చిన ఎస్‌ఎల్‌ఆర్ ఆ శ్రమ తప్పించింది. బెల్జియం వాళ్ల ఎఫ్‌ఎన్ ఫాల్ రైఫిలుకు మన రూపం అది, ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. 7.62 మిల్లీమీటర్ల గుండు, మ్యాగజీన్‌లో ఇరవై రౌండ్లు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలుతుంది, మిగతా పనంతా రైఫిలే చేసుకుంటుంది. సైన్యం ఇన్సాస్‌ రైఫిలుకు మారాక కూడా పోలీసు బలగాల్లో ఎస్‌ఎల్‌ఆర్ చాలాకాలం కొనసాగింది. ఖోకా చదవడం నేర్చుకోడానికి ఇంతకంటే మంచి రైఫిలు లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే లోపల జరిగేది కాస్త నెమ్మదిగా చూడాలి.

గుండు పేలగానే తూటా కూర్చునే చాంబర్‌లో చదరపు అంగుళానికి 50 వేల పౌండ్లకు పైబడిన ఒత్తిడి పుడుతుంది. తూటా తొడుగు ఇత్తడిది, డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు. ఆ ఒత్తిడికి అది ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుపోతుంది, వాయువు వెనక్కు రాకుండా అడ్డుకుంటుంది. గుండు బ్యారెల్ దాటి ఒత్తిడి తగ్గగానే మళ్లీ వెంట్రుకవాసి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడమే లేకపోతే ఖోకా బయటికి రాదు. ఇత్తడిని ఎంచుకున్నది ఈ గుణం చూసే.

ఈలోగా గుండు వెనకే వస్తున్న వాయువులో కొంత, బ్యారెల్ మీదున్న చిన్న రంధ్రం గుండా పైకి వెళ్లి పిస్టన్‌ను తంతుంది. పిస్టన్ వెళ్లి బోల్టు మోసే క్యారియర్‌ను వెనక్కు తోస్తుంది. బోల్టు తాళం విడిపోతుంది. బోల్టు ముఖానికున్న ఎక్స్‌ట్రాక్టర్ గోరు ఖోకా అంచును పట్టి వెనక్కు లాగుతుంది. ఎస్‌ఎల్‌ఆర్‌లో ఎజెక్టర్ అన్నది కదలని ముక్క, రిసీవర్‌లో ఎడమవైపు బిగించి ఉంటుంది. బోల్టు వెనక్కు వస్తున్నప్పుడు ఖోకా ఎడమ అంచు దానికి తగులుతుంది. కుడి అంచు గోటి పట్టులో ఉంటుంది. ఎడమవైపు దెబ్బ తగలగానే, తలుపు బందు మీద తిరిగినట్టు ఖోకా గోరు మీద తిరిగి కుడివైపు కిటికీలోంచి ఎగిరిపోతుంది.

ఎజెక్టర్ కదలదు కాబట్టి ఖోకా ఎంత దూరం పోతుందన్నది బోల్టు వేగాన్ని బట్టే ఉంటుంది. బోల్టు జోరుగా వస్తే దెబ్బ గట్టిగా తగిలి దూరం పోతుంది, నీరసంగా వస్తే కాళ్ల దగ్గర పడుతుంది. కాబట్టి నేల మీది దూరం అంటే రైఫిలు లోపలి వేగమే. ఎస్‌ఎల్‌ఆర్‌ను పాఠానికి అనువైనదన్నది ఇందుకే.

ఇక్కడ ఆర్మరర్ ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఖోకాలన్నీ తప్పుచోటే పడుతున్నా, ఒకేచోట పడుతున్నాయా? లేక చెల్లాచెదరుగా పడుతున్నాయా? అన్నీ దగ్గరగానే పడుతుంటే, లేదా అన్నీ విపరీతమైన దూరం పోతుంటే, అది గ్యాస్ సంగతో స్ప్రింగుల సంగతో అయి ఉంటుంది. ఒకటి దూరం, ఒకటి దగ్గర, ఒకటి నిటారుగా పైకి పోతుంటే అనుమానం ఎక్స్‌ట్రాక్టర్ మీదికి పోవాలి, లేకపోతే తూటాల మీదికి. ఈ రెండు రకాలను కలిపేసి చూసినవాళ్లే మంచి స్ప్రింగు తీసి కొత్త స్ప్రింగు వేసి, రోగం కుదరలేదని తల పట్టుకుంటారు.

చెల్లాచెదరుగా పడుతుంటే మొదట మార్చాల్సింది తూటాల లాటు, అంటే అవి తయారైన విడత. వేరే లాటు రౌండ్లు అయిదో ఆరో పేల్చి చూస్తే, దోషం మందుదా రైఫిలుదా అన్నది ఖర్చు లేకుండా తెలుస్తుంది. అదే లాటు పక్క రైఫిల్లో ఎలా పడుతోందో చూడటం ఇంకా మంచిది. రైఫిలుదే అయితే తర్వాత చాంబర్ శుభ్రం చేయాలి. పుల్‌త్రూకు చిందీ (గుడ్డపేలిక) కట్టి బ్యారెల్ లాగినంత మాత్రాన చాంబర్ శుభ్రపడదు. అది బ్యారెల్ కంటే వెడల్పు, దానికి వేరే బ్రష్షు కావాలి. మసి పేరుకున్న చాంబర్ ఒక్కో ఖోకాను ఒక్కో రకంగా పట్టుకుంటుంది. బోల్టు వేగం అందుకే గుండు గుండుకీ మారిపోతుంది.

అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ దగ్గరికి రావాలి. దీనికి అసలు తూటా అక్కర్లేదు, అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. మ్యాగజీన్ తీసి, చాంబర్ కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, ఖాళీ అని తేల్చుకున్నాక బోల్టు బయటికి తీస్తారు. డమ్మీ రౌండు అంచును గోరు కిందికి జార్చి, బోల్టును మెల్లగా అటూ ఇటూ ఊపుతారు. గోరు గట్టిదైతే డమ్మీ వేలాడుతూ ఉంటుంది. జారిపోయిందంటే స్ప్రింగు చచ్చింది, లేదా గోరు కొన అరిగింది, లేదా గోటి కింద ఇత్తడి పొడి గట్టిపడి కూర్చుంది. చివరిది మనం అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. సూదితో గీకితే బంగారు రంగు నలుసులు రాలతాయి. స్ప్రింగు మార్చే ముందు ఆ పని చేయడం ఆర్మరర్ మర్యాద.

బోల్టు మళ్లీ ఎక్కించి ఇంకో పరీక్ష చేస్తారు. డమ్మీని చాంబర్‌లోకి పంపి కాకింగ్ హ్యాండిల్‌ను నెమ్మదిగా వెనక్కు లాగితే అది కిటికీ పక్కనే పడాలి. జోరుగా లాగితే ఎగిరి పోవాలి. చేతి వేగం మార్చిన కొద్దీ దూరం మారుతుంటే ఎజెక్టర్ తన పని తాను చేస్తున్నట్టే. నెమ్మదిగా లాగినప్పుడు డమ్మీ ఎజెక్టర్ దాకా రాకుండానే కింద మ్యాగజీన్ దారిలోకి జారిపోతే మళ్లీ గోరు దగ్గరికే వెళ్లాలి.

దూరం అంతా ఒకే తీరుగా తప్పుతున్న రైఫిలుకు చికిత్స గ్యాస్ రెగ్యులేటర్. ఎస్‌ఎల్‌ఆర్‌లో రెగ్యులేటర్ ఎంత తెరిస్తే అంత వాయువు వృథాగా బయటికి పోతుంది, మూసేకొద్దీ పిస్టన్‌కు ఎక్కువ అందుతుంది. పూర్తిగా తెరిచి, ఒక్కో రౌండే పెట్టి పేలుస్తూ, ఒక్కో మెట్టు మూస్తూ రావాలి. రైఫిలు ఖాళీని నమ్మకంగా విసిరి తర్వాతి రౌండు ఎక్కించుకునే చోట ఆగి, అక్కడి నుంచి ఇంకో రెండు మెట్లు మూస్తారు. ఆ రెండు మెట్లూ మసికీ మట్టికీ వదిలిన జాగా. చాలామంది మొత్తం బిగించేసి వదిలేస్తారు. రైఫిలు ఆగదు నిజమే, కానీ బోల్టు సుత్తిలా కొట్టుకుంటుంది, భుజానికి తన్ను పెరుగుతుంది, ఖోకాల మూతులు నొక్కుకుపోతాయి, భాగాలు ముందే అరుగుతాయి. ఆగనంత మాత్రాన ఆ రైఫిలు బాగున్నట్టు కాదు.

గుండు పేలాక బోల్టు అసలే వెనక్కు రాకపోతే, ఖోకా చాంబర్‌లోనే ఉండిపోతే, ముందు గ్యాస్ ప్లగ్ చూడాలి. గ్రెనేడ్ ప్రయోగానికి వీలుగా ఆ ప్లగ్‌ను తిప్పిపెడితే వాయువు దారి మూసుకుపోతుంది. శుభ్రం చేసి బిగించేటప్పుడు తొందరలో అలా తిప్పిపెట్టడం జరుగుతుంటుంది. ఖోకాలు మరీ దూరం పోతూ, తర్వాతి రౌండు సరిగ్గా ఎక్కకపోతుంటే రైఫిలు భుజానికి ఆనే బట్టులో ఉండే రిటర్న్ స్ప్రింగులు చూడాలి. నీరసించిన స్ప్రింగు బోల్టును వెనక్కు మరీ జోరుగా పోనిస్తుంది, ముందుకు మాత్రం బలంగా తేలేదు.

ఇక ఖోకాను చేతిలోకి తీసుకోవాలి. అంచు మీద గోరు చీల్చిన గుర్తు ఉంటే, ఇత్తడి ఇంకా గోడలను వదలకముందే బోల్టు లాగుతోందని అర్థం. గ్యాస్ ఎక్కువైందనుకోవచ్చు, చాంబర్ మురికి అయినా కావచ్చు. నడుము పక్కన ఒకే చోట సొట్ట ఉంటే కిటికీ అంచుకు కొట్టుకుంటోంది. ఒళ్లంతా నల్లటి మసి పొడవుగా దిగి ఉంటే ఇత్తడి గోడలకు సరిగ్గా అతుక్కోలేదు, ఒత్తిడి చాలలేదు. అడుగుకు కాస్త పైన మెరిసే ఉంగరంలాంటి గీత చుట్టూ కనబడితే మాత్రం ఫైరింగ్ అక్కడికక్కడే ఆపేయాలి. తొడుగు అక్కడ సాగి తెగబోతోంది. బోల్టు ముఖానికీ చాంబర్‌కీ మధ్య ఉండాల్సిన కొలత తప్పి ఉండవచ్చు. దాన్ని గేజీతో కొలవాల్సిందే, అందాజుకు వదలకూడదు.

సికింద్రాబాదు వాతావరణం ఈ చదువుకు ఇంకొంచెం కష్టం పెడుతుంది. మే నెల ఎండలో తూటాల పెట్టె నీడ లేకుండా పెడితే మందు వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, పొద్దున దగ్గరగా పడ్డ ఖోకాలు మధ్యాహ్నానికి దూరం పోతాయి. రైఫిలు మారలేదు, ఎండ మారింది. వానాకాలంలో చాంబర్‌లో కంటికి ఆనని తుప్పు లేస్తుంది. నూనె ఎక్కువ పూస్తే ఎర్రమట్టి దుమ్ము దానికి అంటుకుని ముద్దవుతుంది. ఇక్కడ సరిచేసిన రైఫిలు హిమాలయాల్లో అలాగే నడుస్తుందనుకోకూడదు, అక్కడి చలికి నూనే చిక్కబడుతుంది.

కొత్త రైఫిళ్లలో లెక్క కొంత మారింది. సైన్యం 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం చేసుకుంది. ఆ తరహా రైఫిళ్లలో ఎజెక్టర్ బోల్టు ముఖంలోనే స్ప్రింగు మీద కూర్చుని ఉంటుంది, ఖోకా కిటికీ దాకా రాగానే తనే తోసేస్తుంది. దూరం ఒక్క బోల్టు వేగం మీదే ఆధారపడదు, ఎజెక్టర్ స్ప్రింగు బలమూ కలుస్తుంది. కాబట్టి అక్కడ దూరం కంటే దిశను ఎక్కువ చూస్తారు. ఫైరర్ ముఖం పన్నెండు అనుకుని గడియారం లెక్కన, ఖోకా మూడు గంటల వైపు పోతోందా, అయిదు గంటల వైపు వాలుతోందా అని గుర్తుపెట్టుకుంటారు. మరీ ముందుకు పోతే జోరెక్కువ, మరీ వెనక్కు పోతే నీరసం. పద్ధతి కొత్తదైనా, చూపు నేల మీద నిలపాలన్న పాఠం పాతదే.

మన దేశంలో ఫైరింగ్ అయిపోగానే ఎన్ని గుండ్లు పేలాయో అన్ని ఖాళీలు లెక్కకు రావాలి. దుర్వినియోగం జరగకుండా పెట్టిన ఈ నియమం చాలా మంచిది. అయితే ఆ హడావుడిలో అన్ని రైఫిళ్ల ఖోకాలూ ఒకే సంచిలో పడిపోతాయి. ఏది ఏ రైఫిలుదో తెలియదు. లెక్క సరిపోతుంది కానీ సమాచారం పోతుంది. ఫిర్యాదు ఉన్న రైఫిలు పక్కన ఒక టార్పాలిన్ పరిస్తే ఈ నష్టం ఉండదు. ఖోకాలన్నీ దాని మీదే పడతాయి, వెతుకులాటా తగ్గుతుంది. పడ్డచోటే సుద్దముక్కతో గుర్తుపెట్టుకోవచ్చు.

రేంజి బాధ్యతలు చూసే అధికారులకు నా విన్నపం ఒక్కటే. ప్రతి రైఫిలు నంబరు ఎదుట రెగ్యులేటర్ మెట్టు, తూటా లాటు, ఖోకాలు పడ్డ దూరం, దిశ రాసే ఒక రిజిస్టరు పెట్టించండి. సంచిలో పోసే ముందు ఆ రైఫిలు ఖోకాలను ఆర్మరర్ చేతికివ్వండి. చూసి, రాసుకుని, లెక్కకు తిరిగి అప్పజెప్పడానికి ఆయనకు పది నిమిషాలు చాలు.