స్క్రేపీ చట్రమునందలి అసమకాలిక విధానము : ఒక విమర్శ

అంతర్జాలమున చెల్లాచెదురుగ నున్న పుటలను ప్రోగ్రాముచే తెప్పించి, వానియందు కావలసిన భాగమును మాత్రము ఏరి, ఒక పట్టికగ కూర్చుకొను పనికి వెబ్ స్క్రేపింగ్ అని పేరు. ఈ పనికై పైథాన్ భాషలో వెలసిన చట్రములలో స్క్రేపీ మిక్కిలి ప్రసిద్ధము. ఇది 2008లో బహిరంగముగ విడుదలయైనది. ఎవరైనను దీనిని ఉచితముగ వాడుకొనవచ్చును. మూలమును చదువుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. కావ్యమును విమర్శించినట్లు ప్రోగ్రాము చట్రమును విమర్శింపవచ్చునా యని కొందరు సందేహింతురు. మనుష్యులు వ్రాసి మనుష్యులు చదువునది, చదివినవారిని ఒక విధముగ ఆలోచింపజేయునది యేదైనను విమర్శకు లోబడునదే యని నా తలంపు.

తెలుగు ఉపాధ్యాయునకు ఇందు ప్రవేశమేమి యన్న ప్రశ్నకు సమాధానము మా ఊరిలోనే యున్నది. బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములు 1936 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినవి. నాటినుండి ఇచ్చటి తెలుగు పిల్లలకు పుస్తకము సరిహద్దు దాటి రావలసిన వస్తువైనది. పాఠ్యపుస్తకము ఎట్లో వచ్చును. పాఠ్యపుస్తకమునకు ఆవల చదువదగిన శతకము, కథ, వ్యాసము రావు. అవి యన్నియు అంతర్జాలమున ఉన్నవి. కాని ఒక్కచోట లేవు, ఒక్క తీరున లేవు. వానిని కూర్చి, అచ్చొత్తించి, పై తరగతుల విద్యార్థుల చేతికిచ్చుట నేటి మా యక్కర. ఈ యక్కరను తీర్చు పనిముట్టుగనే నేను స్క్రేపీని చూచుచున్నాను. విమర్శయు ఆ దృష్టితోనే సాగును.

మొదట ఆ పేరును విచారింతము. ఆంగ్లమున ఎసింక్రొనస్ అనుదానికి మనవారు ‘అసమకాలికము’ అని అనువాదము చేసిరి. పదము వ్యాకరణమునకు సరిపోయినది గాని విద్యార్థిని తప్పుదారి పట్టించును. అసమకాలికమనగానే వాడు ‘ఒకే కాలమున జరుగనిది’ అని గ్రహించును. వాస్తవమో, ఈ పద్ధతియందే అనేక కార్యములు ఒకే కాలమున జవాబునకై నిలిచియుండును. పుటను పంపుమని దూరపు సర్వరును కోరిన పిదప అది వచ్చునంతవరకు ప్రోగ్రాము చేతులు ముడుచుకొని కూర్చుండదు. మరియొక పుటను కోరును, వచ్చినదానిని చదువును. కావున తరగతిలో నేను దీనిని ‘వేచియుండని పద్ధతి’ అనియే చెప్పుదును. ఒక్క గుమాస్తా ఎనిమిది ఊళ్లకు జవాబు కార్డులు వ్రాసి టపాలో వేసి, ఏ ఊరి జవాబు ముందు వచ్చిన దానినే ముందు ఖాతాకెక్కించుట వంటిది ఇది. గుమాస్తాలు ఎనమండుగురు లేరు, ఒక్కడే. ఈ సంగతి మరచినవారికి స్క్రేపీ ఎన్నడును బోధపడదు.

మన వ్యాకరణమున దీనికి చక్కని పోలిక కలదు. ‘కోరి, పొంది, చదివి, వ్రాసెను’ అన్నప్పుడు క్త్వార్థకములు వరుసగ నడచును. ఒకటి ముగిసినగాని రెండవది మొదలు కాదు. ఇది సమకాలిక పద్ధతి. ‘ఒకదానికై ఎదురుచూచుచు మరియొకదానిని చదివెను’ అన్నప్పుడు శత్రర్థకము వచ్చినది. రెండు క్రియలు కలిసి నడచును. ఇది అసమకాలికము. ‘వచ్చినచో చదువుము, రానిచో నాతో చెప్పుము’ అన్నది చేదర్థకము. స్క్రేపీ చరిత్ర యంతయు ఈ మూడు రూపముల నడుమ నడచినదని చెప్పవచ్చును.

స్క్రేపీ ట్విస్టెడ్ అను గ్రంథాలయముపై కట్టబడినది. ట్విస్టెడ్‌ది చేదర్థక శైలి. పుటను కోరగానే అది చేతికి పుటను ఈయదు. రాబోవు పుటకు గుర్తుగ డిఫర్డ్ అను చీటినిచ్చును. ఆ చీటికి రెండు సూత్రములు తగిలింపవలయును: వచ్చినచో పిలువవలసినది ఒకటి, చెడినచో పిలువవలసినది ఒకటి. స్క్రేపీ కర్తలు ఈ చీటీలను చాలవరకు తెరచాటున దాచి, వాడుకరికి ‘పుట వచ్చినచో పార్స్ అను ప్రమేయము నడచును’ అను ఒక్క మాట మాత్రము నేర్పిరి. పార్స్ నుండి యీల్డ్ చేసినది వస్తువైనచో పట్టికలోనికి పోవును, క్రొత్త కోరికయైనచో వరుసలో చేరును. ఇంత సూక్ష్మమైన యంత్రాంగమును ఇంత తేలిక చేసి యిచ్చుట సామాన్యమైన ప్రజ్ఞ గాదు. చిక్కెక్కడనగా, సూచికనుండి గ్రంథమునకు, గ్రంథమునుండి అధ్యాయమునకు, అధ్యాయమునుండి పద్యమునకు దిగునప్పుడు ఒక్క కథ నాలుగు ప్రమేయములుగ తెగిపోవును. గ్రంథము పేరు చివరి ప్రమేయమున కావలసినచో దానిని చేతినుండి చేతికి అందించుచు పోవలయును.

ఈ చిక్కునకు పరిష్కారము పైథాన్ భాషలోనే పుట్టినది. 2014లో వచ్చిన 3.4వ రూపమున అసింక్‌ఐఓ చేరినది, 2015నాటి 3.5వ రూపమున అసింక్, అవెయిట్ అను రెండు పదములు భాషలోనికెక్కినవి. వీనితో వ్రాసినచో ప్రోగ్రాము చూపులకు క్త్వార్థకముల వరుసగ నుండును: తెచ్చి, చదివి, వ్రాసి. లోపల మాత్రము శత్రర్థకమే నడచును. అవెయిట్ అన్నచోట ఆ ప్రమేయము ఆగి, గుమాస్తాను ఇతర కార్యములకు విడిచిపెట్టును. స్క్రేపీ దీనిని 2020నాటి 2.0వ రూపమున కొంతమేరకు స్వీకరించినది. 2025లో వెలువడిన 2.13వ రూపమున అసింక్‌ఐఓనే సహజస్థితిగ చేసి, ఆరంభపు కోరికలను పుట్టించు ప్రమేయమును సైతము అసింక్ రూపమునకు మార్చినది.

మార్పు మెచ్చదగినది. ఐనను ఒక్క చట్రమున రెండు మాండలికములు నిలిచినవి. డిఫర్డ్ ఒక చోట, ఫ్యూచర్ ఒక చోట. ఒకదానిని మరియొకదానిగ మార్చు సహాయక ప్రమేయములు వేరుగ నేర్వవలయును. క్రొత్తగ చేరిన విద్యార్థికి ఏది ఎచ్చట వాడవలయునో తెలియదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారి వాదమున సగము ఇదియే కదా: పిల్లవాడు పలుకునది ఒకటి, వ్రాయునది మరియొకటి యైనచో చదువు సగము దానికే సరిపోవునని. గ్రాంథికచ్ఛాయలో వ్యాసము వ్రాయుచు నేనీ మాట యనుట వింతగ తోచవచ్చును. మా సంచిక సంప్రదాయమట్లున్నది.

అంతకంటె ముఖ్యమైన లోపము అవెయిట్ యొక్క అందముననే కలదు. చూపులకు వరుసగ నుండుటచే వ్రాయువాడు నిజముగ వరుసగనే వ్రాసివేయును. నూరు పుటల చిరునామాలను ఒక ఆవృత్తిలో పెట్టి, ఒక్కొక్కదానికి అవెయిట్ అని వ్రాసినచో ఆ ప్రమేయమున నూరు పుటలును ఒకదాని వెనుక ఒకటిగనే వచ్చును. వేచియుండని పద్ధతిలో వేచియుండినట్లయినది. అదే నూరు కోరికలను యీల్డ్ చేసినచో చట్రమే వానిని నియమిత సంఖ్యలో కలిపి నడపును. ప్రమేయము మధ్యననే ఇంజను ద్వారా పుటను తెప్పించుకొను మార్గము కూడ కలదు గాని, అట్టి కోరిక షెడ్యూలరును తాకకయే పోవును. తెచ్చిన పుటనే మరల తేకుండ కాపాడు వడపోత దానికి వర్తింపదు. కావున నా నిర్ణయమిది: ఒక వస్తువును పూర్తిచేయుటకు అప్పటికప్పుడు మరియొక్క పుట అవసరమైనచోట మాత్రమే అవెయిట్ శోభించును, తక్కిన చోట్ల పాత యీల్డే మేలు.

ఇక టైమ్ స్లీప్ అను ప్రమేయము విషయము. మర్యాదకై రెండు క్షణములు ఆగుదమని ఎవరో దీనిని పార్స్ నడుమ వ్రాయుదురు. గుమాస్తా ఒక్కడే గనుక ఆ రెండు క్షణములును ఒక్క పుట గాదు, కార్యాలయమంతయు నిద్రపోవును. రిక్వెస్ట్స్ అను వేరొక గ్రంథాలయముతో పుటను తెచ్చినను ఇదే ఫలము. అవెయిట్ అను పదమునే మరచినచో మరియు విచిత్రము: పిలిచినట్లుండును, పని జరుగదు, ఒక హెచ్చరిక మాత్రము తెరపై మెరసి పోవును.

శతకములతో పనిచేయువారికి క్రమభంగము పెద్ద బాధ. మొదటి పుట ఆలస్యమై మూడవ పుట ముందు వచ్చినచో పట్టికలో మూడవదే ముందు నిలుచును. నూరు పద్యములును ఉన్నవి, శతకము మాత్రము లేదు. కొందరు దీనిని చట్రము దోషమందురు, నేనంగీకరింపను. జవాబు వచ్చిన వరుసయే గ్రంథపు వరుస యనుకొనుట చదువరి దోషము. ప్రతి కోరికతోడను పుటసంఖ్యను పంపి, చివర దానినిబట్టి పేర్చుకొన్నచో చాలును.

అసలు విచారింపవలసినది వేగము. చట్రము సహజనియమములనుబట్టి మొత్తముమీద 16, ఒక్కొక్క సైటునకు 8 కోరికలు ఏకకాలమున పోవును; నడుమ విరామము సున్న. పెద్ద సంస్థల సర్వరులకు ఇది లెక్క గాదు. కాని పాత పద్యములను టైపు చేసి నిలిపిన సాహిత్యాభిమాని సైటు అద్దె చోటున నడచుచుండును. దానిపై ఎనిమిది చేతులు ఒక్కసారి పడుట న్యాయము గాదు. మనము ఎవరి వాకిట నిలిచి పద్యము కోరుచున్నామో ఆ వాకిలినే విరుగగొట్టుదుమా? 2.13వ రూపమున క్రొత్త ప్రాజెక్టు మాతృకయందు సైటునకు ఒక్క కోరిక, నడుమ ఒక సెకను విరామము అని మార్చిరి. ఇది ప్రశంసనీయము. ఐతే మార్చినది మాతృకయందే గాని చట్రపు మూలనియమములయందు గాదు. మాతృక లేక ఒక్క ఫైలుగ వ్రాసికొనువానికి ఆ మర్యాద దక్కదు. రోబోట్స్ ఫైలును పాటించు నియమమునకును ఇదే గతి: మాతృకలో అవును, మూలమున కాదు. ఈ ఫైలు ఆచారము 1994నుండి కలదు; 2022లో ప్రమాణపత్రముగ కూడ వెలువడినది. ఇంతకాలము గడచిన మర్యాదను మూలముననే నాటి, వలదన్నవాడు తీసివేసికొనునట్లు చేయుట ఉచితముగ నుండెడిది.

మెల్లగ నడచినచో అసమకాలికముతో ప్రయోజనమేమి యని అడుగవచ్చును. ఒక లెక్క వేసి చూతము. ఒక్క సైటున 600 పుటలున్నవి, ఒక్కొక్కటి వచ్చుటకు ఒక సెకను పట్టునని ఊహింతము. ఒకదాని వెనుక ఒకటిగ 10 నిమిషములు. ఎనిమిదేసిగ 75 సెకనులు. తొమ్మిది నిమిషములు మిగులుట బడిపంతులున కేమంత లాభము? ఆ లోపల ఒక తరగతి హాజరు తీసికొనవచ్చును, అంతే. కాని ఆ 600 పుటలే పది సైటులయందు అరువదేసి చొప్పున ఉన్నచో, ఒక్కొక్క సైటును సెకనునకు ఒక్క పుట మాత్రమే కోరుచు, పదింటిని కలిపి నడపి ఒకటి రెండు నిమిషములలో ముగింపవచ్చును. ఎవరికిని భారము లేదు. మన తెలుగు వాఙ్మయము అంతర్జాలమున పది చోట్ల పది తీరులుగ నున్నది గనుక ఈ పద్ధతి మనకే ఎక్కువ తగినది.

తలుపు తెరచియున్న చోట కిటికీ దూరుట కూడదు. తెలుగు వికీసోర్సు మొదలైనవానికి వికీమీడియావారే సమస్త పాఠమును కట్టగట్టి దింపుకొనుటకు ఉంచుచున్నారు. అచ్చట స్క్రేపీతో పని లేదు. గ్రంథస్వామ్యమును గూర్చియు ఒక మాట. మన దేశమున 1957నాటి చట్టము ననుసరించి రచయిత జీవితకాలమును, గతించిన పిదప 60 సంవత్సరములును హక్కు నిలుచును. సైటున కనబడుచున్నది గదా యని ఇటీవలి కథకుని కథను పిల్లల పుస్తకమున అచ్చువేయరాదు.

చివరిది తెలుగువారికి మాత్రమే తగులు చిక్కు. పాత ప్రాజెక్టులలో పట్టికను జేసన్ రూపమున వ్రాయించినచో ఒక్క తెలుగక్షరమును కనబడదు. ప్రతి సంకేతమునకు బదులు ఆరేసి రోమను గుర్తుల వరుస నిలుచును. ‘తెలుగు’ అను మాట ముప్పదియారు గుర్తులగును. పాఠము చెడలేదు, యంత్రము మరల చదువుకొనగలదు. కాని అచ్చుప్రతి దిద్దవలసిన కన్ను చదువజాలదు. ఫీడ్ ఎక్స్‌పోర్ట్ ఎన్‌కోడింగ్ అనుదానికి యూటీఎఫ్-8 అని వ్రాసినచో అక్షరములు అక్షరములుగనే నిలుచును. ఇటీవలి మాతృకలయందు ఈ పంక్తి ముందే వ్రాసియుండును. పాతవానిని పట్టుకొని పనిచేయువారు మాత్రము సెట్టింగ్స్ ఫైలును తెరచి చూచుకొనవలయును.