‘ప్రూఫ్’ – సాక్ష్యమా, రుజువా?

ఇంగ్లీషులోని ‘ప్రూఫ్’ అనే మాట మన వాడుకలో బాగా కలిసిపోయింది. బ్యాంకులో అడ్రసుకు ప్రూఫ్ అడుగుతారు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. వాదనలో ఎదుటివారిని ప్రూఫ్ చూపమంటారు. ఒక మాట ఇన్ని పనులు చేయడంలో దోషం లేదు. కాని ధార్మిక వ్యాసాలలో, అనువాదాలలో ‘ప్రూఫ్’, ‘ఎవిడెన్స్’ రెండింటినీ ఒకటిగా భావించి ‘రుజువు’ అనే వ్రాస్తున్నారు. ఇది సరికాదు.

‘ప్రూఫ్’కు మూలమైన లాటిన్ క్రియకు ‘పరీక్షించు’ అని అర్థం. ప్రెస్సులోని ప్రూఫ్ పరీక్షకై తీసిన ప్రతియే కదా! ‘ఎవిడెన్స్’కు మూలం ‘చూచు’ అనే క్రియ. అనగా మన ముందుకు వచ్చి కనిపించేది సాక్ష్యం. దానిని పరీక్షించిన పిమ్మట తేలేది రుజువు. 1872 నాటి భారత సాక్ష్య చట్టం ఈ రెంటినీ వేర్వేరుగా నిర్వచించింది. సాక్షుల వాఙ్మూలం, పత్రాలు సాక్ష్యం. వాటిని పరిశీలించి న్యాయస్థానం ఒక విషయాన్ని నమ్మినప్పుడు, లేక వివేకవంతుడు నమ్మి నడుచుకోదగినంత సంభావ్యమని భావించినప్పుడు అది రుజువైనట్లు. 2024 జులై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ భేదాన్ని నిలుపుకున్నది.

అరబీ భాషలో ఈ వివేచన మరింత సూక్ష్మమైనది. ‘షహాదత్’ అంటే హాజరై, చూచి, చెప్పడం. ‘బయ్యినా’ అంటే విషయాన్ని స్పష్టపరచేది. ‘బుర్హాన్’ అంటే సందేహానికి తావివ్వని ప్రమాణం. ఫిఖ్హ్ గ్రంథాలలో ‘బయ్యినా’ను తరచు సాక్షులకే పరిమితం చేశారు. ఇమామ్ ఇబ్ను ఖయ్యిమ్ (మరణం 1350) ‘అత్తురుఖుల్ హుక్మియ్యా’లో దీనిని అంగీకరించలేదు, సత్యాన్ని వెల్లడి చేసేదంతా బయ్యినాయే అన్నారు.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలామ్) వృత్తాంతం చూడండి. చొక్కా ముందు చినిగితే ఒక అర్థం, వెనుక చినిగితే మరొక అర్థం అని ముందుగా నియమం చెప్పబడింది. ఆ తరువాతే చొక్కాను చూశారు. అది వెనుక చినిగి ఉన్నది. చినిగిన చొక్కా సాక్ష్యం. ఆయన నిర్దోషిత్వం రుజువు. రెండింటి మధ్య పరీక్ష ఉన్నది.

ఆ పరీక్షను దాటవేస్తే కలిగే నష్టం చిన్నది కాదు. ఒకరిని అరెస్టు చేయగానే నేరం ‘రుజువైంది’ అంటారు. ఆ మనిషి గౌరవం అక్కడితో పోతుంది. పిదప కోర్టు నిర్దోషి అని చెప్పినా అది తిరిగి రాదు. వార్త వస్తే విచారించి తెలుసుకోవాలని సూరా హుజురాత్ 6వ ఆయత్ ఆదేశిస్తున్నది ఇందుకే.

మన రచయితలు కూడా ఈ దోషానికి అతీతులు కారు. ఖుర్ఆన్‌లోని ఫలానా విషయాన్ని సైన్సు ‘రుజువు చేసింది’ అని ఉత్సాహంగా వ్రాస్తుంటారు. సైన్సు ఆధారాలను సేకరిస్తుంది, పరీక్షిస్తుంది, అవసరమైతే తన నిర్ణయాన్ని మార్చుకుంటుంది. ఆ నిర్ణయం రేపు మారితే, దానిపై విశ్వాసాన్ని నిలిపిన పాఠకుని గతి ఏమిటి?

కనుక చూపేది సాక్ష్యమైతే సాక్ష్యమనే వ్రాద్దాం. పరీక్షకు నిలిచిన తరువాతే రుజువు అందాం. మాటలో నిజాయితీ కూడా అమానతే.