దాసుడు, పనివాడు, జీతగాడు

యజమానికి సేవకుడూ, సేవకుడికి యజమానీ చెయ్యవలసిన ధర్మాలను గురించి క్రైస్తవం చెప్పినదానిని మన అభ్యుదయ విమర్శకులు ఒక్క వాక్యంలో తేల్చివేస్తారు: అది లొంగి వుండమన్నది, దొరలకు పనికివచ్చింది, అంతే. ఈ తీర్పులో నిజం లేకపోలేదు. కాని తీర్పు చెప్పేముందు పుస్తకం చదవటం విమర్శకుని కనీస బాధ్యత. మనం చదవవలసింది గ్రీకు మూలం కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల మాల మాదిగ వాడలలో వినిపించిన తెలుగు బైబిలును చదవాలి. జీతగాళ్ళ చెవిన పడ్డది ఆ తెలుగే.

ఎఫెసీయులకు, కొలొస్సయులకు వ్రాసిన పత్రికలలో ఈ బోధ జంటగా వుంటుంది. దాసులను విధేయంగా వుండమన్న వెంటనే రచయిత యజమానులవైపు తిరుగుతాడు. బెదిరింపులు మానాలనీ, న్యాయంగా ముట్టవలసినది ముట్టజెప్పాలనీ, వారి మీద కూడా ఒక యజమాని వున్నాడనీ, ఆయన మొహం చూచి తీర్పు చెప్పేవాడు కాదనీ హెచ్చరిస్తాడు. బానిసత్వాన్నే రద్దు చెయ్యమని మాత్రం ఎక్కడా అనడు. ఈ లోపాన్ని కప్పిపుచ్చటం నిజాయితీ కాదు. అయినా ఒక సంగతి గమనించాలి. అరిస్టాటిల్ ఇంటి పాలనను గురించి వ్రాసినప్పుడు యజమానితోనే మాట్లాడాడు. బానిస ఆయన దృష్టిలో ప్రాణమున్న పనిముట్టు. మనుస్మృతి శూద్రునికి సేవను విధించిందే కాని శూద్రునితో మాట్లాడలేదు. ఈ పత్రికలు బానిసను ఎదుట కూర్చోబెట్టుకొని, యజమానికంటె ముందుగా అతనితోనే మాట్లాడాయి. ఒకే కప్పు క్రింద ఇద్దరూ కూర్చొని ఒకే వుత్తరం విన్నారు. యజమానికి చెప్పినది బానిస కూడా విన్నాడు. ఈ బోధకు పదునంటూ వుంటే ఇక్కడే వుంది.

మరి కరీంనగరం జిల్లా పల్లెలో ఆ కూటం ఏది? దొర గడీలో వున్నాడు. ప్రార్థనకు వచ్చినవారు వెట్టి చేసేవారు, అప్పు క్రింద జీతం కుదిరినవారు, వారి ఆడవాళ్ళు, పిల్లలు. పాస్టరు పేజీ మొత్తం చదివినా సగం పేజీకి వినేవాడు లేడు. 1807లో లండనులో, వెస్టిండీసు బానిసల కోసమని ప్రత్యేకంగా ఒక బైబిలు అచ్చువేశారు. ఐగుప్తు దాస్యం నుంచి ఒక జాతి విడుదలైన కథను అందులోంచి తీసివేశారు. అక్కడ కత్తెర అవసరమైంది. ఇక్కడ దొర రాకపోవటమే ఆ పని చేసింది. ఇరువైపులా కట్టిన ముడి ఒకవైపే బిగిసింది.

ఇక మాటల సంగతి. గ్రీకులో బానిస అన్నచోట తెలుగువారు ‘దాసుడు’ అన్నారు. తెలుగులో దాసుడనగానే ముందు భక్తుడు తోస్తాడు; భద్రాచల రామదాసు గుర్తుకు వస్తాడు. 1922 నాటి ‘మాలపల్లి’లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాల కుటుంబంలో తండ్రికి రామదాసు అనీ, కొడుకులకు వెంకటదాసు, సంగదాసు అనీ పేర్లు పెట్టారు. అది గుంటూరు సీమ కథే అయినా మాట బరువు అందరికీ ఒకటే. సంగదాసు దేవునికి దాసుడే. చౌదరయ్యకు మాత్రం కాడు. కూలీల పక్షాన నిలబడి ఆ చౌదరయ్య చేతిలోనే చనిపోతాడు. కాబట్టి ‘దాసులారా’ అన్న పిలుపు మన పల్లె జీతగాని మీదుగా తేలిపోయి వుంటుందని నా అనుమానం. ఆ మాటలో అతని గొంగడి లేదు, చేతికర్ర లేదు.

‘జీతగాడు’ అన్న మాట తెలుగు బైబిలులో లేకపోలేదు. ఎక్కడ వుంది? యోహాను సువార్తలో, మంచి కాపరి వుపమానంలో. తోడేలు రాగానే గొర్రెలను వదలి పారిపోయేవాడు అక్కడ జీతగాడు! దొర మందను కాసే పసివాడు ఈ వాక్యం విన్నప్పుడు ఏమనుకొని వుంటాడు? గొర్రె పోతే దాని వెల తన బాకీలో కలుస్తుందని వాడికి తెలుసు. అనువాదకులు కావాలని చేశారని నేననను. కాని తన పేరు తాను మొదటిసారి విన్నచోట అది పిరికివాడి పేరు కావటం చిన్న విషయం కాదు.

అసలు చిక్కు పేతురు మొదటి పత్రికలో వుంది. అక్కడి గ్రీకు మాట ఇంటి బానిసలకు సంబంధించినది. తెలుగు దానిని ‘పనివారలు’ అన్నది. దానితో రోము సామ్రాజ్యపు ఇంటి బానిసకు ఇచ్చిన సలహా నాగలి పట్టిన ప్రతివాడికీ వర్తించింది. పైగా ఆ పత్రిక మంచి యజమానులకే కాదు, ముష్కరులకు కూడా లోబడమంటుంది. మా తరగతిలో కోరుట్ల వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు, “సార్, మా తాత జీతమున్నోడు. దాసుడంటే ఎవలో ఆయనకు తెల్వది. పనోళ్ళంటె మాత్రం తననే అనుకునెటోడు” అన్నాడు. భాషాశాస్త్రం దీనికి చేర్చవలసినది పెద్దగా లేదు.

అదే ‘పనివారు’ యాకోబు పత్రికలోనూ వస్తారు. అక్కడ వారు చేలు కోసినవారు. వారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి కేకలు పెడుతుందట, ఆ కేకలు దేవుని చెవిన పడతాయట. ‘కూలి’ అన్న అచ్చమైన పల్లె మాటనే అనువాదకులు అక్కడ వేశారు. వారికి చేతులెత్తి నమస్కరించాలి. రెండు పత్రికలకూ మధ్య కొద్ది పుటల దూరం. ఒకదానిలో పనివాడు తల వంచాలి, మరొకదానిలో వాని కూలి గొంతెత్తుతుంది. ఏ ఆదివారం ఏ పుట తెరవాలన్నది మాత్రం ప్రసంగ పీఠం మీదివారి చేతిలో వుంది. లొంగుబాటు పుటనొక్కదాన్నే పట్టుకొని మొత్తం పుస్తకాన్ని కొట్టివేసే మన విమర్శకులకూ, గడీలోని దొరకూ, ఆ పుస్తకం విషయంలో అభిప్రాయభేదం లేదన్నమాట.

కూలి అడిగే పని చివరకు పల్లెవారే చేశారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రకూ, దాని వెనుకనున్న రైతు కూలి సంఘాలకూ ఏ పత్రికతోనూ సంబంధం లేదు. వెట్టి పోవాలి, దండుగ సొమ్ము తిరిగి ఇవ్వాలి, జీతాలు పెరగాలి అన్నారు. దొరల ఇళ్ళకు చాకలి పోలేదు, మంగలి పోలేదు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. యజమాని ధర్మాన్ని గుర్తుచేసే గొంతు గడీ దాకా వినిపించింది అప్పుడే. అది ప్రసంగపు గొంతు కాదు.

సిరిసిల్ల మరమగ్గాల దగ్గర లెక్క మరొక రకం. యజమాని నూలు ఇస్తాడు, ఆసామి మగ్గాలు నడుపుతాడు, కార్మికుడు నేస్తాడు. యజమాని మీద ఇంకొక యజమాని వున్నాడన్న మాట ఆసామికి ఎవరూ బోధించనక్కరలేదు. వాడు పైవానికి పనివాడు, క్రిందివానికి యజమాని. జంటగా చెప్పిన బోధ ముగ్గురున్నచోట ఎలా పని చేస్తుందో ఎవరైనా వ్రాస్తే బాగుండును.

నా మటుకు నాకు, మన జిల్లాకు అన్నిటికంటె దగ్గరగా వచ్చినది ఫిలేమోనుకు వ్రాసిన చిన్న వుత్తరం. ఒనేసిము అనే బానిసను పౌలు యజమాని దగ్గరకు తిరిగి పంపుతాడు. ఇది మనకు మింగుడుపడదు. కాని వాడిని బానిసగా కాక సోదరునిగా చేర్చుకోమంటాడు. వాడు ఏమైనా బాకీ వుంటే తన లెక్కలో వ్రాసుకోమనీ, తానే తీరుస్తాననీ స్వహస్తంతో వ్రాసి ఇస్తాడు. తెలంగాణలో జీతానికి మూలం బాకీయే. నాగు గింజలతో మొదలై కొడుకు మెడకు చుట్టుకొనేది. భగేలా ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం 1936లో చట్టం చేసింది. వెట్టి చాకిరిని రద్దు చేస్తూ కేంద్రం 1976లో మరొకటి చేసింది. నలభై ఏళ్ళ తరువాత రెండవ చట్టం కావలసివచ్చిందంటేనే మొదటిది పల్లెలో ఎంత నడిచిందో తెలుస్తుంది. విధేయతను గురించి పుటలు పుటలుగా మాట్లాడినవారు బాకీ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగిపోయారన్నది నా ప్రశ్న. ఫిలేమోను ఆ బాకీ కొట్టివేశాడో లేదో వుత్తరంలో లేదు.