వికృతి అని ఎవరి మాటకు పేరు?

బి.ఇడి. తెలుగు మెథడాలజీలో మాకు మొదట నేర్పేది పాఠ్యపథకం రాయడం. పేజీకి నిలువుగా గీత కొట్టి ఒక వైపు ఉపాధ్యాయ కృత్యాలు, రెండో వైపు విద్యార్థి కృత్యాలు రాయాలి. మేం అడగబోయే ప్రశ్న ఇటు, పిల్లలు చెప్పబోయే జవాబు అటు. అంటే బడికి పోకముందే, ఆ పిల్లల మొహం చూడకముందే వాళ్ళ నోటి మాట మేమే రాసేసి పర్యవేక్షకుడి చేత సంతకం పెట్టించుకోవాలి. పంతులుకీ పిల్లలకీ తేడా ఏంటని ఎవరన్నా అడిగితే ఈ గీత చూపిస్తే సరిపోతుంది.

మనోవిజ్ఞాన శాస్త్రం పేపర్లో ‘వైయక్తిక భేదాలు’ అని ఒక అధ్యాయం ఉంటుంది. ప్రజ్ఞ, అభిరుచి, వైఖరి, మూర్తిమత్వం అన్నీ చెప్తారు. కులం మాత్రం ‘సామాజిక, ఆర్థిక నేపథ్యం’ అనే దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. పైగా ఈ భేదాలన్నీ పిల్లల మధ్యనే. పంతులుకి నేపథ్యం లేనట్టూ, ఆయన ఏ వీధిలోనూ పుట్టనట్టూ రాస్తారు.

భాష చెప్పే పంతులు దగ్గర ఇది ఇంకా సూటిగా బయటపడుతుంది. లెక్కల పంతులు తప్పు దిద్దితే లెక్కే తప్పవుతుంది. తెలుగు పంతులు దిద్దేది అమ్మ దగ్గర నేర్చిన నోటిని. టీచింగ్ ప్రాక్టీసులో ఎనిమిదో తరగతికి ఉక్తలేఖనం చెప్తే మాదిగపల్లె నుంచి వచ్చే పిల్లలు కొందరు ‘కత’, ‘బాస’, ‘మొగం’ అని రాశారు. ఎర్ర సిరాతో సున్నాలు చుట్టమన్నారు. మరుసటి వారం అదే తరగతికి ప్రకృతి-వికృతులు పాఠం. కథకు వికృతి కత, భాషకు బాస, ముఖానికి మొగం. ఇవి బట్టీపట్టి రాస్తే మార్కులు! పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చినప్పుడు తప్పయిన మాట వ్యాకరణం పుస్తకంలో నుంచి తెస్తే ఒప్పయిపోయింది. తేడా మాటలో లేదు, తెచ్చిన మనిషిలో ఉంది.

ఒత్తులు పలకరాదని మన పిల్లల్ని ఎగతాళి చెయ్యడం పంతుళ్ళ గదుల్లో పాత కాలక్షేపం. చిన్నయసూరి బాలవ్యాకరణం తెరిచి చూడండి. సంస్కృతానికి 50 వర్ణాలు, తెలుగుకు 36. ఆ 36లో ఖ, ఘ, థ, ధ, భ లేవు. శ, ష కూడా లేవు, ఉన్నది ‘స’ ఒక్కటే. పండితుల లెక్క ప్రకారమే చూసినా ‘బాస’ అన్న పిల్లవాడే తెలుగు వర్ణాల్లో మాట్లాడుతున్నాడు. అయినా వాడిది ఉచ్చారణ దోషం! సంస్కృతం మాటను ప్రకృతి అనీ, జనం నోట అరిగిన మాటను వికృతి అనీ పిలవడం శాస్త్ర పరిభాషే కావచ్చు. కానీ వికృతం అంటే ఏంటో తెలిసిన పిల్లల ముందు నల్లబల్ల మీద ఆ మాట రాసి, దాని కింద వాళ్ళ అమ్మ మాటలు వరసగా పేర్చడాన్ని వట్టి పరిభాష అని సరిపెట్టుకోలేం.

గిడుగు రామమూర్తి ఈ పని మార్చాడు గదా అంటారు. కొంత నిజం. పర్లాకిమిడి ప్రాంతంలో ఆయన సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాళ్ళకు పుస్తకాలు రాసి బడి చెప్పించాడు. పంతులు ముందు శిష్యుడైన అరుదైన సందర్భం అది. అయితే తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఆ ఉద్యమం గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని. శిష్టులెవరో వేరే చెప్పాలా? గ్రాంథికం పోయి చదువుకున్న అగ్రకులాల ఇళ్ళ మాట ప్రమాణమైంది. వాడ మాట, పల్లె మాట ఎప్పట్లా గ్రామ్యంగానే మిగిలాయి.

మరి మన పంతుళ్ళే వస్తే? 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞాపనలో ఫూలే ఆ మాటే అడిగాడు. బ్రాహ్మణ పంతుళ్ళ చోట సేద్యం చేసే కులాల నుంచి, జనంతో కలిసి తిరగగలిగిన వాళ్ళని తయారు చెయ్యమన్నాడు. అంబేద్కర్‌కు హైస్కూల్లో సంస్కృతం చెప్పకపోతే పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. గుమ్మం దగ్గరే ఆపిన రోజులవి. ఇప్పుడు గుమ్మం దాటి పండితులమైన వాళ్ళం చాలామందిమి ఉన్నాం. మనం ఉండటం అవసరం, అందులో రెండో మాట లేదు. కానీ కుర్చీ ఎక్కగానే మనవాళ్ళు కొందరు అందరికన్నా గట్టిగా ఒత్తులు ఒత్తి పలుకుతారు. అది వాళ్ళ అహంకారం అనుకోను. నలభై ఏళ్ళు నవ్వులపాలైన నోరు జాగ్రత్త పడుతుంది. ఆ జాగ్రత్తకు బలయ్యేది మళ్ళీ మన పిల్లలే.

‘గబ్బిలం’ పాఠం సంగతి చూడండి. 1941లో వచ్చిన ఈ కావ్యం రాసిన జాషువా కూడా తెలుగు పండితుడిగా పనిచేసినవాడే. తరగతిలో మాత్రం సందేశకావ్యం, మేఘదూతంతో పోలిక, కరుణరసం అంటూ పీరియడ్ అయిపోతుంది. మేఘం, హంస ఉండగా గబ్బిలమే ఎందుకని అడిగితే, మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది గనక అని చెప్పాలి. ఆ జవాబు పుస్తకం కన్నా ముందే తెలిసిన పిల్లలు వెనక బెంచీలో ఉంటారు. వాళ్ళని అడగరు. అడిగినా ఆ జవాబు మా రెండో గడిలో రాసి ఉండదు.

అట్లాగే గురులఘువులు. చిర్రతో, చిటికెన పుల్లతో పెళ్ళి దెబ్బకీ చావు దెబ్బకీ తేడా చూపించగల పిల్లవాడికి కాలం కొలవడం వచ్చు. ‘యమాతారాజభానస’ అప్పజెప్పలేక వాడు ఛందస్సులో సున్నా. లంద, ఆరె, తంగేడు చెక్క అంటే ఏంటో వాడు చెప్తుంటే రాసుకోవలసింది పంతులు. ఇక్కడ తెలిసినవాడెవరు, తెలియనివాడెవరు?

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసినప్పుడూ మాతృభాష గురించి చాలా కన్నీళ్ళు కారాయి. దళితులు ఇంగ్లీషు కోరితే తల్లిని మరిచారని నిందించారు. మా తల్లి మాటకు ఎర్ర సిరా చుట్టినప్పుడు ఈ కన్నీళ్ళు ఎక్కడున్నాయి? ఇంగ్లీషు బడిలో ఈ గీత చెరిగిపోతుందని కాదు. అక్కడ పంతులుకి మనూరి మాటలు తెలియకపోయినా ఎవరూ అడగరు. కాకపోతే అక్కడ పరాయితనం ఊరందరికీ ఉంటుంది, తెలుగు వాచకంలో మాకే ఉంటుంది.

మా ప్రాక్టీసును పరిశీలించడానికి వచ్చేవాళ్ళ చేతిలో ఒక పత్రం ఉంటుంది. నేను చూసినదాంట్లో కంఠస్వరం, స్పష్టోచ్చారణ, నల్లబల్ల పని, తరగతి క్రమశిక్షణ, వీటన్నిటికీ మార్కులున్నాయి. ఆ రోజు పిల్లల దగ్గర విన్న కొత్త మాటలు రాయడానికి గడి లేదు. ఈ ఏడు నేనూ ఇంకో నలుగురం మా రికార్డు పుస్తకాల్లో విద్యార్థి కృత్యాల గడిని ఖాళీగా వదిలి, పాఠం అయ్యాక నింపుతామని అడిగాం. రికార్డు అసంపూర్ణం అని తిప్పి పంపారు.