లంకె చిరునామా: కోయుటా, అడుగుటా?

సంతోష్‌నగర్‌లోని ఒక ఇంటికి వచ్చిన ఉత్తరముపై చిరునామాను మనము పైనుండి క్రిందికి చదువుదుము. తపాలావారు అట్లు చదువరు. వారికి ముందు కావలసినది అడుగున నున్న పిన్‌కోడు. 1972లో వచ్చిన ఆ ఆరంకెలలో మొదటి 5ను చూడగానే ఉత్తరము ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతములదని తేలును. ఇంటి నంబరుతో పని చివరి పోస్టుమానుకే. వ్రాసిన వరుస వేరు, చదువవలసిన వరుస వేరు. అంతర్జాలపు చిరునామాలోను ఇదే చిక్కు కలదు. ఆ చిక్కును విద్యార్థికి చెప్పక, చిరునామాను కత్తెరతో కోయుట మాత్రము నేర్పు కంప్యూటరు పాఠములను గూర్చియే ఈ విమర్శ.

తెలంగాణలో ఉపకారవేతనముల దరఖాస్తులకు వాడు ఈపాస్ చిరునామాను తీసికొందము. ఇంగ్లీషు అక్షరములకు బదులు తెలుగున వ్రాసినచో అది ఇట్లుండును: హెచ్‌టీటీపీఎస్://తెలంగాణఈపాస్.సీజీజీ.గవ్.ఇన్/. మొదటిది ప్రోటోకాలు, అనగా మాట్లాడు పద్ధతి. రెండు ఏటవాలు గీతల తరువాతది హోస్టు, అనగా ఏ యంత్రమును అడుగవలెనో దాని పేరు. దీనిని కుడినుండి ఎడమకు చదువవలెను: ఇన్ భారతదేశము, గవ్ ప్రభుత్వము, సీజీజీ హైదరాబాదులోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్. హోస్టు వెనుక దారి, ప్రశ్నార్థకము వెనుక ప్రశ్న, # గుర్తు వెనుక పేజీలోని చోటు వచ్చును. ఆ రెండు గీతలు నిజానికి అక్కరలేదని వానిని పెట్టిన టిమ్ బెర్నర్స్-లీయే 2009లో ఒప్పుకొనెను!

ఇక పాఠములలో తరచు కనబడు పద్ధతి: లంకెను ఏటవాలు గీతల వద్ద ముక్కలు చేయుము, మూడవ ముక్కను తీయుము, అందు 'గవ్.ఇన్' ఉన్నదేమో వెదకుము. ఉన్నచో లంకె మంచిది. మంచి చిరునామాకు మంచి జవాబే వచ్చును, పరీక్షలో మార్కులును వచ్చును. కాని ఒక విద్యార్థి ఫోనునకు ఈ లంకె వచ్చినదనుకొందము: హెచ్‌టీటీపీఎస్://తెలంగాణఈపాస్.సీజీజీ.గవ్.ఇన్@ఎగ్జాంపుల్.కామ్/. మన కత్తెర దీనిని మంచిదనును. బ్రౌజరు మాత్రము @ గుర్తుకు ముందున్న దంతయు వాడుకరి పేరుగా నెంచి, నేరుగా ఎగ్జాంపుల్.కామ్‌నకు పోవును. అక్కడ ఆధారు నంబరు, బ్యాంకు ఖాతా అడుగు పత్రము ఉండవచ్చును.

చురుకైన విద్యార్థి "అయ్యా, @ తరువాతి భాగమునే చూతము" అనును. మంచిదే. అప్పుడు మోసగాడు ఎగ్జాంపుల్.కామ్ పేరును ముందు వ్రాసి, దాని వెనుక వెనుకకు వాలిన గీత '\' నుంచి, ఆపైన @, ఆపైన గవ్.ఇన్ పేరు వ్రాయును. బ్రౌజరు ఆ వెనుకవాటు గీతను మామూలు గీతగనే గ్రహించి హోస్టు అక్కడితో ముగిసెననును. కత్తెరకు ఆ సంగతి తెలియదు. ఇట్లు అతుకునకు అతుకు వేయుచు పోయిన అంతుండదు.

లంకెపై నొక్కినపుడు పోవునది బ్రౌజరు. కనుక చిరునామాకు అది చెప్పు అర్థమే మనకు కావలెను. దానిని అడుగుట కష్టమును కాదు. పేజీలోని ప్రతి లంకె వస్తువునకు హోస్ట్‌నేమ్, పాత్‌నేమ్, సెర్చ్, హ్యాష్ అను గుణములు సిద్ధముగా నున్నవి. లంకెగా లేని ఉత్త వాక్యమైనచో యూఆర్ఎల్ అను నిర్మాత కిచ్చిన చాలును. లొకేషన్ వస్తువునందును ఇవే పేర్లు కలవు గాని అది మనమున్న పేజీ చిరునామా, లంకెది కాదు. కొత్తవారు తడబడు చోటు ఇదియే. వచ్చిన హోస్టు మనమెరిగిన పేరుతో పూర్తిగా సమానమా అని చూడవలెను గాని, అందులో ఎక్కడనో ఉన్నదా అని చూడరాదు.

బ్రౌజరు పెట్టిన పేర్లను మాత్రము నేను మెచ్చను. ప్రశ్నకు 'సెర్చ్' అని పేరేల? 'హోస్ట్' అన్న పోర్టు సంఖ్యతో కలిసి వచ్చును, 'హోస్ట్‌నేమ్' అన్న అది లేకుండ వచ్చును! ప్రోటోకాలు వెంట రెండు చుక్కలును, సెర్చ్ వెంట ప్రశ్నార్థకమును అంటుకొని వచ్చును. పాఠములలో ఈ తేడాలకు ఒక పుట కేటాయించిన బాగుండును.

తెలుగువారికి ఇంతకంటె పెద్ద ఫిర్యాదు వేరొకటి. దారిలో 'సంతోష్‌నగర్' అని ఉన్నచో పాత్‌నేమ్ దానిని తెలుగులో నీయదు. ఒక్క 'స' అక్షరమే %ఈ0%బి0%బి8 అగును. ష్, న కలిసి సంయుక్తాక్షరము కాకుండ ఆపు కంటికి కనబడని గుర్తుతో కలిపి ఆ పేరున పదునొకండు సంకేతములు. అవి 99 అక్షరములై వచ్చును. డీకోడ్‌యూఆర్ఐకాంపొనెంట్ అను ప్రమేయముతో తిరిగి తెలుగు చేసికొనవచ్చును. హోస్టే తెలుగైనచో ఆ దిక్కును లేదు. .భారత్ అను తెలుగు కొస హోస్ట్‌నేమ్‌లో ఎక్స్‌ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ అని వచ్చును. దానిని మరల తెలుగులోనికి మార్చు సాధనము బ్రౌజరు స్క్రిప్టునకు అందుబాటులో లేదు. వేరొకరు వ్రాసిన గ్రంథాలయమును తెచ్చుకొనవలసినదే.